గుడ్లగూబ కళ్ళజోడు

గుడ్లగూబ మొహం చూస్తే పనులు చెడతాయని ఎవరన్నారో గానీ, విమానాలు బాగుచేసే ఆ హ్యాంగర్లో మాత్రం గుడ్లగూబ చూడనిదే విమానం కదిలేది కాదు. మనిషికి పెళ్ళాం ఉంది, తల్లిదండ్రులు పెట్టిన చక్కటి పేరూ ఉంది. ఏం లాభం? చీకటి గదిలో కూర్చుని విమానం ముక్కల్లో పగుళ్ళు వెతికేవాణ్ణి ఎవరు అసలు పేరుతో పిలుస్తారు చెప్పండి? కొత్తవాళ్ళు గుడ్లగూబ సార్ అనేవారు, పాతవాళ్ళు గుడ్లగూబ మావయ్య అనేవారు. ఆయనకి కోపం వచ్చేది కాదు. "దానికీ రెండు కళ్ళే, నాకూ రెండు కళ్ళే. కాకపోతే పాపం దానికి జీతం లేదు" అనేవాడు.

ఆ వారం పైనుంచి ఒక ఆదేశం వచ్చింది. విమానాల లోకంలో ఒక పద్ధతుంది. ఎక్కడో ఒక విమానంలో ఒక ముక్క విరిగితే, అది వాళ్ళ ఖర్మ అని ఊరుకోరు. ఆ రకం విమానాలు ఎక్కడెక్కడ ఉంటే అక్కడికల్లా ఆదేశం వెళుతుంది: ఫలానా ముక్క విప్పండి, ఫలానా విధంగా చూడండి, చూసేదాకా గాల్లోకి లేవకండి. అందులో బతిమాలడం ఉండదు, బేరాలూ ఉండవు. చదవబోతే చప్పగా, ఉప్పులేని గంజిలా ఉంటుంది. గుడ్లగూబ మాత్రం ఒక్కో వాక్యం దగ్గరా ఆగేవాడు. ఊరికే ఎవరూ అలాంటి వాక్యం రాయరని ఆయనకి తెలుసు. "ఇది ఎవరికి తగిలిన దెబ్బో పాపం" అని గొణుక్కుని, అప్పుడు తర్వాతి వాక్యానికి వెళ్ళేవాడు.

ఈసారి వచ్చింది తోక దగ్గరుండే ఒక బ్రాకెట్టు గురించి. అరచేతిలో ఇమిడిపోయే లోహపు ముక్క. అంత పెద్ద విమానం పైకి లేవాలన్నా, కిందికి దిగాలన్నా ఆ తోక మాట వినాలి. తోక మాట వినాలంటే ఈ ముక్క నిలబడాలి. దాని మూలలో పగుళ్ళు వస్తున్నాయట. మామూలు వెలుతురులో అవి కనిపించవు. అందుకే ముక్కని కడిగి, మెరుపు నూనెలో నానబెట్టి, తుడిచి, పైన తెల్లపొడి చల్లి, చీకటి గదిలో ఊదారంగు దీపం కింద పెట్టి చూస్తారు. పగులుంటే అందులో దాక్కున్న నూనె మెల్లగా పైకి వచ్చి, పచ్చటి గీతగా వెలుగుతుంది.

ఆ గదిలోకి వెళ్ళగానే చూడ్డం మొదలుపెట్టడానికి లేదు. వెలుతురుకి అలవాటైన కళ్ళు చీకటికి అలవాటు పడాలి. అంతదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. మిగతా వాళ్ళకి అదొక శిక్ష. గుడ్లగూబకి అదే అసలు జీవితం. నల్లటి తెర వేసుకుని కూర్చున్నాక గోడలు ముందు దగ్గరికి వచ్చేవి, తర్వాత ఎక్కడికో వెళ్ళిపోయేవి. తను కూర్చున్న స్టూలు నేల మీద ఉందో గాలిలో ఉందో తెలిసేది కాదు. ఇన్నేళ్ళుగా తను చూసి పంపిన విమానాలన్నీ ఒకదాని వెనక ఒకటి చప్పుడు లేకుండా వచ్చి, మోకాళ్ళ దగ్గర పడుకునేవి. వాటి కిటికీల్లోంచి ఎవరెవరో నిద్రమొహాలతో బయటికి చూసేవారు. ఒక పిల్ల అద్దానికి ముక్కు ఆనించి ఆయన వంకే చూసేది. ఆయన చెయ్యి ఊపేవాడు. అప్పటికి కళ్ళు సిద్ధమయ్యేవి. దీపం వేసేవాడు.

ఆయన లోపలుంటే తెర బయట కొక్కేనికి ఆయన టోపీ వేలాడుతుండేది. టోపీ ఉన్నంతసేపూ ఎవరూ పిలవకూడదు. బయటికి వచ్చాక కూడా ఆయనంతట ఆయన నోరు విప్పేదాకా "ఏమైంది" అని అడగకూడదు. ఇది ఏ కాగితంలోనూ లేదు. హ్యాంగర్ మర్యాద, అంతే. ఇంజనీర్లు సైతం పాటించేవారు.

రెండు రోజులుగా ఆ గదిలో గుడ్లగూబకి గుండెల్లో రాయి పడినట్టుంది. కారణం ఎవరికీ చెప్పలేదు. చూపు తగ్గింది! పని మొదలుపెట్టే ముందు దీపం కింద ఒక పాత ముక్క పెట్టి చూసుకోవడం రివాజు. కావాలని పగుళ్ళు పెట్టి చేసిన ముక్క అది. ఆ పగుళ్ళు కనిపిస్తే కళ్ళూ, నూనే, దీపం అన్నీ బాగున్నట్టు. నిన్న అవి కనిపించాయి గానీ, చూస్తుండగానే మంచులో దీపాల్లా మసకబారాయి. 'కనిపించాయి కదా' అని మనసుకి సర్ది చెప్పుకుని, తోక బ్రాకెట్టు తిప్పి తిప్పి చూసి, ఏ గీతా లేదని ముద్ర వేశాడు. ఆ విమానం నిన్న సాయంత్రమే ఎగిరిపోయింది. ఇవాళ ఇంకో విమానం బ్రాకెట్టు. మళ్ళీ అదే మసక.

'ముసలాడివైపోయావురా' అనుకున్నాడు చీకట్లో. కళ్ళు పోతే గుడ్లగూబ ఇంకేం గుడ్లగూబ? ముద్ర లాక్కుంటారు. పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియకుండా గుమ్మంలో కూర్చోవాలి. పిల్లలు లేని ఇల్లు. భార్య పనికి వెళుతుంది, తను గోడలు చూస్తాడు. బ్రాకెట్టు మీద గీతేమీ కనబడలేదు. దీపం ఆర్పి, మంచిదేనని ముద్ర వేసేశాడు. తెర తీసి బయటికి వచ్చాడు.

మర్యాద ప్రకారం అందరూ నోరు మూసుకుని తలలు వంచుకున్నారు. ఒక్క మనిషి తప్ప. ఆవిడ ఆయన భార్య. అదే కప్పు కింద, ఆ మూల సీట్ల కవర్లు కుట్టే విభాగంలో పని. భోజనం డబ్బా పట్టుకుని అప్పుడే వచ్చింది. మొగుడి మొహం చూసి పక్కున నవ్వింది.

"ఏవండోయ్! చీకటి గదిలోంచి వస్తూ ఆ నల్లకళ్ళజోడేంటండీ? లోపల ఎండ కాస్తోందా ఏంటి?"

గుడ్లగూబ ఆగిపోయాడు. కళ్ళజోడు తీశాడు. నాలుగు రోజుల క్రితం భార్య చేయించి తెచ్చిన కొత్త జోడు. పాతదాని కాడ విరిగితే, ఇదిగో అని చేతిలో పెట్టింది. మొన్నటిదాకా కొత్తది ముక్కు మీద నిలవడం లేదని పాతదాన్నే చేత్తో పట్టుకుని నెట్టుకొచ్చాడు. నిన్నే మొదటిసారి దీన్ని చీకటి గదిలోకి తీసుకెళ్ళాడు. అద్దాలు రెండూ టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. చూస్తుండగా చేతిలోనే మెల్లమెల్లగా తెల్లబడ్డాయి.

"ఇవి రంగు మారతాయా?" అన్నాడు.

"మారవూ మరి! ఎండ తగిలితే నల్లబడతాయి, నీడలో తెల్లబడతాయి. ఆదివారం దాకా చెప్పకూడదనుకున్నా. మీరేమో తెల్లారకముందే ఇంట్లోంచి బయటపడతారు, చీకటిపడ్డాక వస్తారు. ఎండ మొహం చూస్తేగా తెలియడానికి!"

ఆదివారం సాయంత్రాలు వాళ్ళిద్దరూ రన్‌వే చివర కంచె బయట గడ్డిలో కూర్చునేవారు. ఆవిడకి విమానాలు లేవడం, దిగడం చూడ్డమంటే ప్రాణం. ఆయనకి మాత్రం ఏళ్ళ తరబడి చీకట్లో ఉండి ఎండ పడేది కాదు. కళ్ళు నీళ్ళు కారేవి. తలొంచుకుని చప్పుడు మాత్రం వినేవాడు. "లేచిందా?" అని అడిగేవాడు. "లేచింది, రెక్క వంచింది" అని ఆవిడ చెప్పేది. ఒక్కసారైనా ఈయన తలెత్తి చూడాలని ఆవిడ కోరిక. అందుకే ఆ అద్దాలు.

గుడ్లగూబ వెనక్కి తిరిగి చీకటి గది గోడ వైపు చూశాడు. తెర పక్కన అట్టముక్క మీద పెద్ద అక్షరాలు: రంగు మారే అద్దాలతో లోపలికి రాకూడదు. ఊదారంగు దీపం తగిలితే అవి ఎండ తగిలినట్టే నల్లబడతాయి, పచ్చటి గీతని మింగేస్తాయి. ఆ అక్షరాలు రాసింది ఎవరు? తనే! కొత్తగా చేరిన ప్రతివాడికీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది ఎవరు? తనే! తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఈయన తల తన్నింది ఈయన కాలే.

"ఏమైందండీ?" ఆవిడ నవ్వు ఆగిపోయింది.

ఆయన సొరుగులోంచి పాత కళ్ళజోడు తీశాడు. విరిగిన కాడ చేతిలోకి ఊడి వచ్చింది. ఆవిడ జేబులోంచి సీట్లు కుట్టే మందపాటి దారం తీసి, పళ్ళతో తెంపి, కాడని నాలుగు చుట్లు చుట్టి ముడివేసింది. ఆయన మళ్ళీ టోపీ కొక్కేనికి తగిలించి తెర లోపలికి వెళ్ళాడు.

ఈసారి విమానాలేవీ వచ్చి పడుకోలేదు. చీకటి చీకటిలాగే ఉంది. చివరికి దీపం వేసి, దాని కింద పగుళ్ళ ముక్క పెట్టాడు. అబ్బ! పచ్చగా, కొత్త చిగుళ్ళలా వెలిగాయి పగుళ్ళన్నీ. ఒక్కటి కూడా మసకబారలేదు. 'నా కళ్ళు పోలేదు, నా కళ్ళు పోలేదు' అని ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. కళ్ళు తుడుచుకుని ఇవాళ్టి బ్రాకెట్టు పెట్టాడు. మూల మూలా చూశాడు. గీత లేదు. కడిగిన ముత్యంలా ఉంది.

గండం గడిచిందనుకున్నాడు. అప్పుడు నిన్నటిది గుర్తొచ్చింది.

మనసు ఎంత మాయలాడిదో చూడండి. పక్కన స్నేహితుడిలా కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. 'ఇవాళ్టిది బాగుంది కదా, నిన్నటిదీ బాగానే ఉండుంటుంది. ఆరు నెలలకి మళ్ళీ ఎలాగూ చూస్తారు. ఇప్పుడు చెప్పావనుకో, ముద్ర పోతుంది, పరువు పోతుంది, కొత్తగా చేరిన వాళ్ళు నవ్వుతారు. కళ్ళు బాగున్నాయిరా నాయనా, ఆ కళ్ళజోడు పారేసి హాయిగా ఉండు.' అన్నీ నిజాలే. ఒక్కటీ కాదనలేని మాటలు. కానీ ఆయనకి ఆదేశం గుర్తొచ్చింది. చూసేదాకా గాల్లోకి లేవకూడదు, అంతే కదా ఆదేశంలో ఉన్నది? తను చూశానని ముద్ర వేశాడు. చూడలేదు. ఎప్పుడూ వచ్చే ఆ పిల్ల ఇప్పుడు రాలేదు గానీ, అద్దానికి ఆనించిన ఆ ముక్కు మాత్రం కళ్ళముందు కనబడుతూనే ఉంది.

తెర తీసి నేరుగా తనిఖీల పెద్ద దగ్గరికి వెళ్ళాడు. వయసులో ఈయనకంటే చిన్నవాడు, కుర్చీలో పెద్దవాడు.

"సార్, నిన్న నేను చూసిన బ్రాకెట్టు చూడనట్టే లెక్క. ఆ విమానాన్ని ఆపాలి" అన్నాడు గుడ్లగూబ. జేబులోంచి కొత్త కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. "చూపు మసకగా ఉందని నాకు నిన్ననే తెలుసండీ. కళ్ళు పోతున్నాయేమోనని భయపడి నోరు మూసుకున్నాను. కళ్ళజోడుది సగం తప్పు, నాది సగం."

ఆ తనిఖీ అధికారి మొహంలో రంగు మారింది. "మీరేనా మావయ్యా ఈ మాట అంటున్నది?" అని, జవాబు కోసం చూడకుండా ఫోనందుకున్నాడు. విమానం గాల్లో ఉంది. ఇటే వస్తోంది, సగం దారి దాటింది. దానికి అన్నిటికంటే దగ్గరి రన్‌వే ఇదే. "తిన్నగా రమ్మనండి, మెల్లగా రమ్మనండి" అని నాలుగైదు సార్లు చెప్పి ఫోను పెట్టేశాడు. తర్వాత చెయ్యి చాపాడు. గుడ్లగూబ మెడలోంచి తాడు తీసి, చివరన వేలాడుతున్న ముద్రని ఆ చేతిలో పెట్టాడు. దాని బరువు అంత తక్కువని ఆయనకి ఇన్నేళ్ళూ తెలియదు.

హ్యాంగర్ బయట ఎండ మండిపోతోంది. కాంక్రీటు మీద గాలి నీళ్ళలా ఊగుతోంది. దూరంగా నిలబెట్టిన విమానాలు ఆ నీళ్ళలో తేలుతున్నట్టున్నాయి. గుడ్లగూబ తలెత్తాడు. కళ్ళు నీళ్ళు కారాయి, ఏమీ కనబడలేదు. భార్య పక్కకి వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"నావల్లే కదండీ ఇదంతా" అంది.

"నీకేం తెలుసే పిచ్చిదానా. తెలియాల్సింది నాకు."

ఆయన బల్ల మీద వదిలేసిన కొత్త కళ్ళజోడు ఆవిడ తెచ్చింది. పాతదాన్ని తీసి, కొత్తది ఆయన ముక్కు మీద పెట్టింది. "ఇక్కడ చీకటి లేదుగా. పెట్టుకోండి" అంది.

అద్దాలు నల్లబడ్డాయి. ఎండ తగ్గి వెన్నెలలా అయింది. ఆకాశం, ఇన్నేళ్ళూ చూడని ఆకాశం, మొత్తం కళ్ళలోకి వచ్చింది. దాని అంచున చుక్కంత ఒకటి కదిలింది. అక్కడే ఆగిపోయిందా అన్నంత నెమ్మదిగా అది పెద్దదయింది. రెక్కలు వచ్చాయి. చక్రాలు వచ్చాయి. అది అలా దిగుతూనే ఉంది, దిగుతూనే ఉంది, ఎంతకీ నేల రాదేమో అనిపించింది. తోక మెల్లగా సర్దుకుంటోంది, నిద్రలో ఒత్తిగిలినట్టు. 'నిలబడవే తల్లీ, ఇంకొంచెం నిలబడు' అని ఆయన ఆ అరచేతి ముక్కని బతిమాలుకున్నాడు. పక్కన ఆవిడ ఆయన చొక్కా పిడికిట్లో పట్టుకుని ఉంది.

"దిగిందా?" ఈసారి ఆవిడ అడిగింది. కళ్ళు గట్టిగా మూసేసుకుంది మరి!

"దిగింది" అన్నాడు.

బ్రాకెట్టు విప్పి తెచ్చారు. చీకటి గదిలోకి వెళ్ళింది చీమ. గుడ్లగూబ దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. చీమ తలకాయలో పగులున్నా పట్టుకుంటుందని ఆ పేరు. వెళ్ళేముందు "మావయ్యా, నీ టోపీ ఇవ్వు" అని తీసుకుని కొక్కేనికి తగిలించింది. ఆ తెరకి ఇవతల కూర్చోవడం ఆయనకి ఇదే మొదలు. లోపల కూర్చుంటే కలల్లా గడిచిపోయే కాలం, బయట కూర్చుంటే ఇంత నరకమా అనుకున్నాడు. ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఇలాగే కూర్చున్నారా?

తెర కదిలింది. ఎవరూ అడగలేదు.

"ఉంది మావయ్యా" అంది చీమ. "వెంట్రుకవాసి. లోపలి మూలలో."

గుడ్లగూబ పాత కళ్ళజోడు పెట్టుకుని లోపలికి వెళ్ళి చూశాడు. పచ్చగా, సన్నగా, ఎంతో అందంగా వెలుగుతోంది గీత. నిన్న ఇదే చోట, ఇదే దీపం కింద, తన ముక్కు కిందే ఉంది. ఆయన స్టూలు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ విమానం ఇక ఇవాళ ఎగరదు. అందులో వెళ్ళాల్సిన వాళ్ళు హాల్లో కూర్చుని గోల చేస్తున్నారట. హ్యాంగర్ నుంచి ఎవరైనా వెళ్ళి ఒక మాట చెప్పమని కబురొచ్చింది. తిట్లు తినడానికి ఎవరు సిద్ధంగా ఉంటారు? అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నేను వెళతాను" అన్నాడు గుడ్లగూబ.

హాలు నిండా జనం. సంచులు, దుప్పట్లు, పాలసీసాలు, నేలమీద నిద్రపోతున్న వాళ్ళు. ఇన్నేళ్ళూ కిటికీల్లో నిద్రమొహాలతో తప్ప వీళ్ళని ఆయన చూడలేదు. వీళ్ళు దగ్గుతున్నారు, చిరాకు పడుతున్నారు, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటున్నారు. విమానం ఇవాళ వెళ్ళదని, వేరేది వస్తోందని చెప్పాడు. ముందు వరసలో ఒక పెద్దావిడ చర్రున లేచింది.

"ఇదేం అన్యాయమయ్యా! మా మనవడి నోట్లో మొదటి పన్ను వచ్చిందట, చూద్దామని పొద్దుట్నుంచీ ఇక్కడే పడిగాపులు పడుతున్నాను. ఎవడి వల్లయ్యా ఈ ఆలస్యం?"

"నావల్లేనమ్మా" అన్నాడు గుడ్లగూబ.

"నీవల్లా! పైగా చెప్పుకుంటున్నావా? ఇంతమందిని ఇక్కడ కూలేసి నువ్వు తిరుగుతున్నావా? బుద్ధుందా నీకు? నీ ఇంట్లో వాళ్ళకైతే ఇలాగే చేస్తావా? సిగ్గుండాలి మనిషన్నాక!"

ఆవిడ తిడుతోంది, ఆయన చేతులు కట్టుకుని వింటున్నాడు. తిట్టీ తిట్టీ ఆయాసం వచ్చి ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"ఇంకా తిట్టండమ్మా" అన్నాడు. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. పక్క కుర్చీలో సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"సరేలే, ఏడుస్తావేంటయ్యా. ముందిలా కూర్చో" అంది.